తాలు

మూత విప్పగానే తుమ్మొచ్చింది.
పదిహేను సీజన్ల మిరప్పొడి
ఫ్యాను రెక్కల మీద ఎర్రగా పేరుకుని ఉంది.
తేజ ఏదో, బాడిగ ఏదో
ఇక్కడ గ్రేడు చూసేవాడు లేడు.
కళ్ళు తుడుచుకుని మళ్ళీ తుమ్మితే
పక్క కొట్టు గుమాస్తా గోడవతల నుంచి
"చిరంజీవ" అన్నాడు.
నాకో, దీనికో.

షావుకారు పొద్దున్నే తేల్చేశాడు:
"పాత సామాన్లవాడు మూడొందలిస్తాడట, ఇచ్చెయ్ రత్తయ్యా."
సాయంత్రం దాకా గడువడిగాను.
గుంటూరు యార్డులో ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను,
తెల్లబడ్డ తాలు కాయకీ ఓ రేటు పలుకుతుంది,
ఓ లారీ దొరుకుతుంది.
ఎవరూ పారబోయరు.

దడవాయి బాజీ కూతురు షాహీన్
పాలిటెక్నిక్ నుంచి వస్తూ రెండు పెన్‌డ్రైవులు తెచ్చింది.
లినక్సట. అందులోనూ తేలిక రకమట.
ఒక్క జీబీ ర్యామ్‌లో సర్దుకుంటుందట,
బ్రాడీపేటలో ఒంటిగదిలో దిగిన కోచింగ్ కుర్రాడిలా.
డబ్బులు కట్టక్కర్లేదంటే నమ్మలేదు.
ఊరికే వచ్చిన సరుకైతే
టిక్కీ అడుగు దాకా చెయ్యి పెట్టి చూడందే
ఒప్పుకునే వృత్తి కాదు నాది.

ర్యామ్ బద్ద ఊడదీసి రబ్బరుతో రుద్దింది,
బళ్ళో తప్పు లెక్కను రుద్దినట్టు.
అప్పుడు బీప్‌మంది.
నల్ల తెర మీద తెల్లక్షరాలు
జల్లెడలోంచి గింజల్లా రాలాయి.

"పాతదంతా తుడిచేస్తుంది బాబాయ్,
కావలసినవి ముందే తీసుకో."
తీశాను. కాటా చీటీలు, హమాలీ కూలీలు,
కోల్డ్ స్టోరేజీ అద్దెలు,
షావుకారు అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలు.
అడుగున ఇంకొకటి మిగిలింది.
పేరు: రానివి.

తెరిస్తే నలభై మూడు పేర్లు.
బొబ్బర తెగులు తోటలు చుట్టేసిన ఏడు
పెట్టుబడికి తీసుకున్నవాళ్ళు.
ఎదురుగా అసలు, దాని పక్కన వడ్డీ గడి.
ఆ గడిలో సూత్రం పెట్టింది నేనే,
ఎప్పుడు తెరిస్తే అప్పటి తేదీ దాకా
తనంతట తనే పెరిగేలా.
అప్పట్లో షావుకారు భుజం తట్టాడు దానికి.

కానీ బిళ్ళ బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది.
కరెంటు పోయి వచ్చినప్పుడల్లా
ఈ యంత్రానికి రెండువేల రెండు, జనవరి ఒకటి.
అప్పు ఇంకా పుట్టని రోజు.
అందుకని ఆ పూట వడ్డీలన్నీ మైనస్‌లో నిలబడ్డాయి.
నలభై వేలు తీసుకున్న పెదనందిపాడు గోపయ్యకి
షావుకారే బాకీ,
ముప్ఫై ఆరు వేల ఎనిమిదొందలు.
తాడికొండ మరియమ్మకి ఇంకా ఎక్కువ.
షాహీన్ కిసుక్కుమంది. నేనూ నవ్వాను, కాసేపే.
ఆ నలభై మూడింట్లో మూడు చావులకి వెళ్ళొచ్చాను నేను.
ఒకచోట కళ్ళంలో కాయ ఇంకా పరిచే ఉంది.

"అన్నీ తీశావా రత్తయ్యా?" లోపల్నుంచి షావుకారు.
తెర కూడా అదే అడుగుతోంది,
డిస్కు మొత్తం తుడవమంటారా అని.
షాహీన్ నా మొహంకేసి చూడలేదు.
పెన్‌డ్రైవ్ నిండిపోయిందని చెప్పొచ్చు,
నిండలేదు.
"తీశానండీ" అన్నాను.
నొక్కాను.

పచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి
బరువైన బస్తా లాగినట్టు కదిలింది.
పదిహేడు నిమిషాలు.
టీ తెప్పించాను. నాది చల్లారిపోయింది.

చివర్లో యంత్రానికో పేరు పెట్టమంది.
ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలట.
"తాలు" అన్నాను.
నవ్వాపుకుంటూ కొట్టింది.

కొత్త బిళ్ళ ఇరవై రూపాయలు, లాలాపేట వాచీ కొట్లో.
ఇవాళ పొద్దున తేదీ సరిగ్గా చూపించింది.
మొదటి కాటా చీటీ తెలుగులో తీశాను,
ఒత్తులు విరగలేదు.
ప్రత్తిపాడు రైతు దాన్ని దూరంగా పట్టుకుని చదివి,
మడిచి జేబులో పెట్టుకుని,
టిక్కీకి అరకిలో తరుగెందుకు రాశావని
గొడవకి దిగాడు.
ఫ్యాను తిరుగుతోంది.
ఎంత దులిపినా ఇంకా కొంచెం కారం మిగిలినట్టుంది,
మాట మధ్యలో ఆయన తుమ్మాడు,
జవాబు మధ్యలో నేను.