పట్టికలో లేని ఎండ

గ్యాసు డబ్బా మీద ఒక పట్టిక అచ్చేసి ఉంది:
బయట ఇంత ఎండుంటే ముల్లు ఇక్కడుండాలె అని.
అది నలభై మూడు కాడ ఆగిపోయింది.
రాజురాల నిన్న నలభై ఆరు.
రాసినోడు మా దిక్కు ఎన్నడూ వచ్చి ఉండడు.

అందుకే తెల్లారగట్ల నాలుగున్నరకు లేసిన.
సాస్తి గనిల రిటైరైననాడు
బాపు వాపసియ్యక దాచుకున్న లైటు నా నెత్తికి,
వెల్డింగు కండ్లద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు.
బానెట్ లేపితే
నిన్నటి ఎండ ఇంకా అండ్లనే పండుకొని ఉంది.

గ్యారేజోళ్లు రెండున్నర వేలన్నరు.
డబ్బా, పైపు, మీటరు కలిపి పదకొండు వందలు.
మిగిలింది పెట్రోలుకు.

శాయక్క అప్పటికే వచ్చి ముందు సీట్ల కూసున్నది.
మంగళవారం, శుక్రవారం
చంద్రపూర్ పోయి రక్తం కడిగించుకుంటది,
పోవుడు రావుడు నా కారుల్నే.
ఇప్పుడే ఎందుకొచ్చినవంటే
"గాలి వస్తుందో లేదో చెప్ప మనిషి ఉండొద్దా?"

లావు పైపు మీద మూతకు ఎల్ అని రాసుంటది, అదే ఇప్పాలె.
సన్న పైపు జోలికి పోతే
డబ్బా చేతులనే పేలుతది.

ఇంజను చాలు చేసిన.
కంప్రెసరు టక్కున పట్టుకుంటది, వదిలేస్తది,
పట్టుకుంటది, వదిలేస్తది,
దవాఖాన మెట్లెక్కుతున్న శాయక్క లెక్క.

డబ్బాను అటు ఇటు ఊపుతున్న.
చల్లబడ్డది. ఇంకా చల్లబడ్డది.
మే నెలల, రాజురాల,
నా చేతుల తెల్లగ మంచు!
ఉరికిపోయి ఆమె నుదుటికి ఆనించిన.
"అయ్యో" అన్నది, తల మాత్రం జరపలేదు.

టక్కు టక్కు ఆగింది.
కంప్రెసరు పట్టు వదలడం లేదు.
ముల్లు పచ్చ గీతలకొచ్చింది.
"ఇంకొంచెం" అంటది లోపల్నుంచి.
ఎక్కువైతే అసలుకే చల్లబడదు అక్కా.
"నా డాక్టరూ అదే అంటడు.
దినానికి అర లీటరు, అన్నంల నీళ్లతో సహా.
గాలికైతే చిట్టీల లెక్క రాయలే."
నోరు తెరిచి, కండ్లు మూసి
జాలీకి ఎదురుగ పెట్టుకున్నది మొఖం.

ఈ గ్యాసు వాడితే అయిపోయేది కాదట.
అదే తిరుగుతుంటది ఏండ్లకేండ్లు.
తగ్గిందంటే ఎక్కడో కారినట్టు.
ఆమెకు చెప్తే నవ్వింది.
"నా రక్తం గూడ అంతే గదా,
మిషన్లకెల్లి తిరిగి మళ్ల నాకే వస్తది."

వర్ధా వంతెన దాటినం, బల్లార్షా కాగితం మిల్లు వాసన
అద్దాల బయటే ఉండిపోయింది.
దవాఖానల నర్సు "ఆజీ, చలా" అని చెయ్యి పట్టింది.
నాలుగు గంటలు.

పార్కింగుల సబ్బు నురుగు పూసి చూసిన.
ఒక జాయింటు కాడ ఆవగింజంత బుగ్గ,
ఉబ్బింది, పగిలింది, మళ్ల ఉబ్బుతుంది.
రబ్బరు ఉంగరం ఎనిమిది రూపాయలు.
అది మార్చాలంటే మాత్రం
పొద్దున నింపిందంతా వదిలెయ్యాలె.

శుక్రవారం దాక ఆగుతదా?
వేలితో నురుగు తుడిచిన,
మళ్ల పూసిన,
ఈసారి లెక్కపెట్టుకుంట చూస్తున్న,
ఒక బుగ్గకూ ఇంకో బుగ్గకూ నడుమ
ఎంతసేపో.