ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు

సముద్రం మా ఊరికి అయిదువందల మీటర్ల కింద ఉంటుంది.
పక్కన కాదు, కింద.
మ్యాపులో దూరం కొలిచేవాళ్ళకి ఈ సంగతి చెప్పినా ఎక్కదు.

మాకున్నది నాచారంలో ఒక ఈతకొలను,
రాత్రి తొమ్మిది దాటాక గంటల లెక్కన అద్దెకిస్తారు.
నాలుగు మీటర్ల లోతు, క్లోరిన్ వాసన,
అడుగున ఏ పిల్లో పోగొట్టుకున్న ఎర్ర క్లిప్పు.
మొదటి నెలంతా మాకు అదే చేప.

నేను హిమాయత్‌నగర్‌లో పద్దులు రాస్తాను.
ఊపిరికి పద్దు ఉంటుందని నలభై ఏడేళ్ళు తెలీదు.
రెండువందల బార్‌తో దిగాలి, యాభై ఉండగానే తేలాలి.
ఆ యాభై మనది కాదు,
పెళ్ళింట ఆఖరి పంక్తికి దాచిన అన్నం.

పన్నెండుమందిమి, చీటీ వేసుకున్నాం.
నెలకు నాలుగువేలు, ఎత్తినవాళ్ళు సముద్రానికి.
పాట లేదు మా చీటీలో.
ఎవరికి ఇక్కడ ఊపిరాడట్లేదో వాళ్ళదే వంతు.
పోయిన కార్తీకంలో భూమేష్ తన వంతు తబితకిచ్చి
"నువ్ పో అక్కా, నా చేపలేడికి పోతయ్" అన్నాడు.
ఎందుకని ఎవరూ అడగలేదు.

నిసార్ భాయ్‌ది రాణిగంజ్‌లో బేరింగుల కొట్టు.
టార్చిలో నీళ్ళు దూరితే సొరుగంతా వెతికి
ట్రాక్టరు రబ్బరు రింగొకటి తొడిగిస్తాడు.
అదే గాలి గొట్టం దగ్గరికొస్తే మాత్రం
"కంపెనీదే కొను బేటీ, ఊపిరి కాడ బేరం వద్దు."

రాత్రి రైలు, పొద్దున విశాఖ, రుషికొండ నుంచి పడవ.
నీళ్ళు ఆ రోజు నానబెట్టిన పెసల రంగు,
చాచిన చేతికి అవతల ఏమీ లేదు.
పదహారు మీటర్ల దగ్గర, తెగిన వలొకటి పట్టుకున్న రాతి పక్కన
తబిత ఆగిపోయింది.
మాస్కులో నీళ్ళు. బయటి నీళ్ళు కావు.

నీళ్ళ కింద మాకున్న మాటలు ఇరవై.
వేళ్ళతో సున్నా చుడితే: బాగున్నాను.
బొటనవేలు: పైకి పోదాం.
(ఆఫీసులో మేనేజరు బొటనవేలు చూపిస్తే
ఇప్పటికీ ఓ క్షణం సీలింగు వైపు చూస్తాను.)
అరచేయి అడ్డంగా ఊపితే: ఏదో బాగాలేదు.
ఏది బాగాలేదో చెప్పే సైగ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

తను అరచేయి ఊపింది.
నేను బొటనవేలు చూపించాను. వద్దని తల తిప్పింది.
ఇసకలో మోకాళ్ళ మీద కూర్చున్నాం ఇద్దరం,
చిన్న పీత ఒకటి మమ్మల్ని చుట్టి పోయింది.
నా బుడగలు, తన బుడగలు,
పైన ఎక్కడో కలిసి పగులుతున్నాయి.

తేలేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర ఆగాలి, మూడు నిమిషాలు.
లోతులో ఒంట్లోకి ఇంకింది మెల్లగా వదలాలి,
తొందరపడితే రక్తం గోలీసోడా.
అక్కడ చేసే పనేం లేదు.
తాడు పట్టుకుని వేలాడటం,
ఎదుటి మనిషి కళ్ళు చూడటం.
నా సంసారంలో అంతసేపు ఎవరి కళ్ళూ చూడలేదు.

బర్కత్‌పురాలో బాల్కనీ తీగకి నల్ల సూటు ఆరేస్తే
ఎవరో వేలాడుతున్నారని మూడో అంతస్తావిడ కెవ్వున అరిచింది.
కిందికి దించి చూపించాను, ముట్టుకుని
"ఉప్పు" అంది వేలు నాకి.

మంగళవారం సాయంత్రం నారాయణగూడ ఇరానీ హోటల్లో
తబిత, నేను. బస్సుల హోరుకి మాట వినిపించదు.
ఎలా ఉన్నావని వేళ్ళతో సున్నా చుట్టి అడిగాను.
తను కాసేపు చూసి అరచేయి అడ్డంగా ఊపింది.
గడియారం చూశాను. ఒక నిమిషం. రెండు.

సైగ దూరం నుంచి చూసిన సర్వరు
వన్ బై టూ అనుకున్నాడు.
ఒక్క చాయ్ రెండు కప్పుల్లో పోసి తెచ్చి పెట్టాడు.
మేం దిద్దలేదు.