తల ఎత్తొద్దు

టికెట్ అరవై రూపాయలు. అద్దెకు మూడు కర్రలు,
మూడింటి పట్టుల మీద ఎవరెవరివో చెమటలు.
హిల్ కాలనీ దాటినంక, పాత స్టోర్ షెడ్డు వెనక
తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం.
మైదానం అంటే నవ్వొస్తది, అంతా గుట్టే.
రాయి పక్కన రాయి, నడుమ ఇంత పచ్చిక,
బట్టతల మీద మిగిలిన జుట్టు లెక్క.

నేర్పే సారు మొదటి రోజు ఒకటే మాట చెప్పిండు:
"కొట్టేటప్పుడు తల ఎత్తొద్దు.
మెడ కదిలిందా, బంతి ఆగమైనట్టే."
నాకు నవ్వు ఆగలే.
సారూ, నాది మర్రిగూడ దిక్కు మెడ.
బోరింగు నీళ్లు తాగి తాగి
ముప్పై ఏడో ఏటనే
ఎముకలు ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకున్నయి,
తిరునాళ్లలో తప్పిపోతామన్న భయంతో పిల్లలు పట్టుకున్నట్టు.
బస్సులో వెనక సీటు పిలిస్తే
భుజాలతో సహా తిరిగేటోన్ని.
దేవరకొండ డిపోల నా పేరు సత్తయ్య కాదు,
తలుపు.

అందరూ కొట్టి ఆకాశం చూస్తరు.
నేను ఒళ్లంతా తిప్పేసరికి
బంతి ఎప్పుడో దిగి, చల్లబడి ఉంటది.
అందుకే అది లేచిపోయిన చోటే చూస్తుంట.
నలిగిన గరిక. చిటికెడు ఎర్రమట్టి.
దారి మార్చుకున్న ఒక చీమ.

కానీ ఇరవై ఎనిమిదేండ్లు
తోలుసంచిల చిల్లర చప్పుడు విన్న చెవి నాది.
టక్కుమంటే నల్లరాయి.
గరగరమంటే ఎండిన మోదుగాకు.
ఇసుకల పడితే, ముసలాయన సీట్ల కూలబడ్డట్టు ఒక నిట్టూర్పు.
నాలుగో గుంత కాడి తంగేడు పొదల పడితే మాత్రం
బంతి ఏం చెప్పది, పిట్టలు చెప్తయి.

మిగిలింది జర్పుల మంగ్త్యా చెప్తడు.
ఈ గుట్ట మీదనే మేకలు కాసినోడు,
ఇప్పుడు సంచి మోస్తడు.
గడ్డి గిల్లి గాలికి ఎగరేసుడు ఆయన తాన లేదు.
అవతలి గట్టు మీద మేకలు ఎటు వీపు పెట్టినయో చూసి
"ఐదో నంబరు తియ్ సారూ, ఇయ్యాల గాలి దొంగది" అంటడు.

ఏడో గుంత.
ఇటు గుట్ట కొన, అటు గుట్ట కొన.
నడుమ సందులకు చొరబడి
కృష్ణ నీళ్లు పండుకొని ఉంటయి.
పట్నం నుంచి వచ్చినోళ్లు ఆట మరిచి ఇక్కడ ఫొటోలు దిగుతరు.
నూట ముప్పై గజాలు. తప్పితే నీళ్లే.

ఈ నీళ్లే.
మా ఊరి ట్యాంకుకు ఇవి పైపుల వచ్చిన పొద్దు
అక్క భారతమ్మ బిందె రెండుసార్లు తోమి నిలబడ్డది.
నిలబడ్డది అంటున్న గానీ,
అప్పటికే ఆమె కాళ్లు రెండు విల్లులు.
ఒక గుక్క తాగి, "తియ్యగున్నయిరా" అన్నది.
అంతే. ఇంకో మాట అనలే.
పెండ్లయిపోయినంక వచ్చిన చుట్టానికి
విస్తరి వెయ్యకుండ ఉంటమా?

నలభై ఒక్క బంతులు ఇచ్చిన ఈ నీళ్లకు.
"పాతది పెట్టు సారూ" అని మంగ్త్యా గొణుగుతడు.
నేను కొత్తదే పెడత.
ఎందుకని అడిగితే నాకూ తెల్వదు.

మొన్న, గేట్లు ఎత్తిన మర్నాడు,
ఎక్కడో దూరంగ నీళ్ల హోరు,
రాళ్ల మీద తుంపర లాంటి ఎండ.
కొట్టిన.
చేతులకు ఏమీ తగిలినట్టే లేదు.
తల దించుకొని విన్న.
గుబుక్కుమనలే.
టప్పుమనలే.
చీమ కూడా ఆగినట్టుంది.

"మంగ్త్యా, ఏందయ్యా, చెప్పవేంది?"
"ఆగు సారూ. ఇంకా పోతనే ఉన్నది."

నా బతుకుల నాదనేది ఏదీ
ఇంతసేపు గాల్ల నిలవలే.
తిరిగి చూడాలనిపించలే.
చీమ దిక్కే చూసుకుంట, అలవాటు కొద్దీ,
లోపల్లోపలనే అన్న:

రైట్, రైట్.