ఆలపల్లిల ఫిల్టరు

రెండూ గల్లా మీద పెట్టిండు బొమ్మెనవార్.
ఒకటి పదహారు వందలు,
ఇంకోటి సగం కూడ లేదు.
"రెండు నెలల్ల కిరాయి అయిపోతది గదా,
సస్తాదే ఏసుకపో" అని
సేటు ఫోన్ల అననే అన్నడు.

జల్లెడకు చిల్లి పడ్డదేమోనని
మా రుక్కుబాయి ఎండకు పట్టి చూస్తది.
నేను సెల్లు లైటు లోపల పెట్టిన.
సగం ధరదాంట్ల, బంక అతుకు పక్కన
ఆవగింజంత వెలుగు
నన్నే చూసింది.

ఏటపల్లి తోవల
ముందు బండి లేపే ఎర్రదుమ్ముకు
గంత సందు చాలు,
పిస్టన్ల దాక అడగకుండ పోతది.

తక్కువబడ్డ పైసలు
నా భత్తాల కెల్లి ఇచ్చిన.

పాతదాన్ని టైరుకేసి కొడితే
మడతల నుంచి రాలింది
ఐదు నెలల తోవ.
దాంట్ల తూనీగ రెక్క ఒకటి,
ఇంకా చినగలేదు.