కంకర జల్లెడ

అయనావరంలో పాత గిడ్డంగి వెనక
ముళ్ళతుమ్మ కొట్టేసిన జాగాలో
గజపతిగారు సున్నంతో గీత గీశారు:
"ఇదీ మెయిన్ లైను."
ముప్ఫై ఎనిమిదేళ్ళు పెరంబూరు కార్ఖానాలో
పెట్టెలకు చక్రాలు తొడిగిన మనిషి
ఇప్పుడు మోకాళ్ళ మీద వంగి
నాలుగున్నర సెంటీమీటర్ల గేజిని
చీపురుపుల్లతో సరిచూస్తున్నారు.

నా పని జల్లెడ.
మా అత్తగారి బియ్యం జల్లెడలో కంకర.
పెసరగింజంతవి పట్టాల కిందకి,
శనగంతవి వంతెన గోడకి,
అంతకన్నా పెద్దవి
యూసుఫ్ కొడుకు జేబులోకి.

మొదటి ఆదివారం పదకొండుమందిమి.
మూడో వారానికి నలుగురం.
అంబుజవల్లి వేడివేడి బజ్జీలు తెస్తోందని తెలిశాక
పంతొమ్మిదిమందిమి.

వంపు దగ్గర తగువొచ్చింది.
కానుగ వేరు సరిగ్గా దారికడ్డం.
గొడ్డలి తెస్తానన్నాడు సెల్వమణి,
"రైలు కోసం కొండలే తవ్వాం కదా!"
"నువ్వెప్పుడు తవ్వావురా?"
గజపతిగారి చెయ్యి వేరు మీదే ఉంది.
చివరికి దాని కింద సొరంగం తవ్వాం,
చెంచాలతో, రెండు వారాలు.

కార్తీకంలో వాన పట్టుకుంది.
నాలుగు రోజులు సందంతా మోకాలిలోతు.
తగ్గాక వెళ్ళి చూస్తే
నలభై అడుగుల కట్ట లేదు.
పట్టాలు గాల్లో
బట్టలారేసే తీగలా వేలాడుతున్నాయి.
జల్లించిన కంకరంతా గేటు దగ్గర మేట వేసింది,
పెసలూ శనగలూ కలిసిపోయి.
ఎవరూ ఏమీ అనలేదు.
నేను వెళ్ళి జల్లెడ కడుక్కొచ్చాను.

అప్పుడే సొరంగంలోంచి
ఎర్రటి రోకలిబండ ఒకటి బయటికొచ్చి
మిగిలిన పట్టా మీద తాపీగా సాగింది.
"రయిల్ పూచ్చి!" అరిచాడు యూసుఫ్ కొడుకు.
రైలుపురుగట, వాళ్ళ మాటలో.
ఇన్నేళ్ళూ నేను దాన్లో
దంచే రోకలినే చూశాను,
అన్ని కాళ్ళున్నా
అది ఎటో వెళుతోందని అనుకోలేదు.

మాఘంలో ఒక సాయంత్రం బండి కదిలింది.
ఇంజనూ మూడు పెట్టెలూ.
వంతెన మీద కాస్త తూలి,
వేరు కింద దూరి,
మల్లెపొద చుట్టి
మళ్ళీ మా ముందుకే.

"ఎక్కడికీ పోదా ఇది?" అంది
చూడ్డానికొచ్చిన పక్కింటావిడ.
గజపతిగారు బకెట్టు బోర్లించుకుని కూర్చున్నారు.
"నేను చక్రాలు తొడిగిన పెట్టె
ఒక్కటి గేటు దాటాక
మళ్ళీ నా కంటపడలేదమ్మా.
ఇది చూడు,
రెండు నిమిషాలకోసారి వస్తోంది."

అని, ఆవిణ్ణి మర్చిపోయి,
వేళ్ళు మడుస్తూ
లెక్కపెడుతున్నారు.