మూడో పీరియడు

ఆ వానాకాలం మూడో గది కురిసింది.
నాలుగునీ ఐదునీ ఒకే గదిలోకి తోసి
మధ్యన ఇనప బీరువా అడ్డం పెట్టించారు హెడ్మాస్టరు గారు,
"సర్దుకోండమ్మా, రెండు వారాలేగా" అని.
ఆ రెండు వారాలూ దసరా దాటాయి.

బీరువాకి ఇటు నేను, నా లెక్కలు.
అటు షంషాద్ టీచరు, తెలుగు.
ఆవిడ పద్యం నా భాగహారంలో పడేది,
నా శేషాలు ఆవిడ వాక్యాల్లోకి దొర్లేవి.
"ఏడేళ్ళు?" అని నేను ఎక్కం అడిగితే
"బహువచనం!" అని అరిచాడు అటునుంచి ఎవడో.
పిల్లలు పడీపడీ నవ్వారు.
మేమిద్దరం నవ్వలేదు.
మా కోపానికి రోజుకి రెండు సుద్దముక్కలు విరిగేవి.

పైడితల్లి రోజూ ఆలస్యమే.
చిట్టినగర్ కొండమీద, సొరంగానికి నెత్తిన వాళ్ళిల్లు.
కుళాయి కింద, బిందె పైన.
"ఎన్ని మెట్లే?" అన్నాను తిట్టబోయి.
"నెక్కెట్టనేదండి. ఎక్కుతానంతే."

మర్నాడు లెక్కపెట్టుకునే వచ్చింది, నూట ఎనభై ఆరు.
"మద్దిలో రెండు ఇరిగిపోనాయి. అవీ కలపాలేటి?"
బోర్డు మీద వేశాను. పూటకి నాలుగు బిందెలు.
ఎక్కినవి సరే, దిగినవి కలపాలా వద్దా?
గది రెండుగా చీలిపోయింది.
బీరువా పక్కనుంచి షంషాద్ టీచరు తల కనిపించింది.
"దిగేటప్పుడు ఆయాసం ఉండదుగా" అంది.
అని ఊరుకోలేదు,
"ఆయాసాన్ని మీ ఇళ్ళల్లో ఏమంటారర్రా?"
రొప్పు. ఒగర్పు. ఎగూపిరి.
నా గుణకారం కింద, నా సుద్దతోనే, వరసగా రాసింది.
చెరపబుద్ధి కాలేదు.

ఇమ్మానుయేలు మాస్టారు వరండాలోంచి విన్నట్టున్నారు,
చేతివాచీ విప్పుకుంటూ వచ్చారు.
బడిముందు ఆరు మెట్లు, పదేసిసార్లు ఎక్కి దిగండన్నారు.
మణికట్టు మీద వేళ్ళు, అందరూ గప్‌చుప్.
నూట ఇరవై, నూట ముప్పై, ఒకడిది వాడికే దొరకలేదు.
పైడితల్లిది తొంభై ఆరు.
"దాని గుండె మనకంటే ఎక్కువ చదువుకుందర్రా" అన్నారాయన.
ఆ పిల్లకి ఎవరైనా మొదటి ర్యాంకు ఇవ్వడం
నేను చూడటం అదే.

శనివారం కొండెక్కాం, ముగ్గురం, యాభై ఇద్దరితో.
పైనుంచి పటం గీయించాలని మా ఎత్తు,
కృష్ణ ఇటు, బ్యారేజీ అటు, రైలుపట్టాలు జడపాయల్లా.
సగంలో నేను కూలబడితే
ఎవరో ముసలమ్మ మంచినీళ్ళిచ్చింది.
తాగాక గుర్తొచ్చింది, అవి ఎన్ని మెట్లు ఎక్కొచ్చాయో.

పిల్లలు మాత్రం గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి అద్దెలు అడిగారు.
అడగమని మేం చెప్పలేదు.
కింద నాలుగు వేలు, సగంలో రెండున్నర,
చివర్న రేకులింట్లో పన్నెండొందలు.
సోమవారం గళ్ళకాగితం మీద చుక్కలు పెట్టి కలిపాం.
మెట్లు పెరిగేకొద్దీ గీత జారింది.
పైడితల్లి చెయ్యెత్తింది.
"గాలీ, ఏరూ బాగుండీది పైనే గదండి.
మరి పైకెల్లీకొద్దీ అద్దె తగ్గుద్దేటి?"

నేను షంషాద్ టీచరు వంక చూశాను.
ఆవిడ మాస్టారి వంక.
ఆయన వాచీ వంక.
టైంటేబుల్లో ఆ ప్రశ్నకి గడి లేదు.
నేను మొదలుపెట్టాను, మధ్యలో ఆగిపోయాను,
ఆవిడ అందుకుంది, తడబడింది,
మాస్టారు నీళ్ళ గురించి చెబుతూ చెబుతూ
మనుషుల గురించి చెప్పేశారు.
గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.
జవాబు పూర్తయిందని ఇప్పటికీ అనుకోను.

సంక్షేమం లెక్కలో డబ్బులొచ్చి శ్లాబు వేశారు.
ఎవరి గది వాళ్ళకిచ్చారు.
బీరువా మూలకి చేరింది,
నేలమీద దాని కాళ్ళ గీతలు నాలుగూ పోలేదు.

ఇప్పుడు మధ్యలో నిఖార్సయిన ఇటుకగోడ.
అయినా ఏడో ఎక్కం వచ్చినప్పుడు
"ఏడేళ్ళు?" అని
అవసరం కంటే కాస్త గట్టిగానే అడిగి
ఒక్క క్షణం ఆగుతాను.