కర్త ఎవరు?

టార్నీట్‌లో తెల్లారి ఐదూ నలభైకి
వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతుంది.
బస్‌స్టాపంటే ఒక కర్ర, కర్రకో నంబరు.
కప్పు లేదు.
ఆ కర్ర పక్కన నాలుగేళ్ళు తడుస్తూ
నేను ప్రధానమంత్రిని తిట్టాను.

వృద్ధుల హోములో నా ఉద్యోగం.
టీ గదిలో నా ధాటికి ముచ్చటపడి
లవీనియా ఇంకో బిస్కెట్టు నా వైపు తోసేది.
వాళ్ళు తినేస్తున్నారు, అనేదాన్ని.
వాళ్ళకి మనం మనుషులమా, అనేదాన్ని.
ఎన్నికల రోజు గేటు దగ్గర
ఎవరి చీటీ చూసి అంకెలు దిద్దానో గుర్తులేదు,
అక్కడ తిన్న సాసేజి రుచి మాత్రం గుర్తుంది.

పదకొండో గది గ్రెక్ గారికి తొంభై ఒకటి.
మాల్టా నుంచి ఓడెక్కి వచ్చి
ముప్ఫై ఏళ్ళు కౌన్సిల్ మీటింగుల మినిట్సు రాసిన చెయ్యి.
మేజోళ్ళు తొడుగుతూ నేను వాళ్ళని దులిపేస్తుంటే
కాలు వెనక్కి లాక్కుని అడిగింది:
"వాళ్ళంటే ఎవరు?"

నోరు తెరిచాను.
ఎనిమిదో తరగతిలో మాస్టారు
కర్త కింద గీత గీయమంటే
వాక్యం మొత్తానికీ గీత గీసిన పిల్లని నేను.

టిష్యూ కాగితం మీద మూడు గళ్ళు గీసింది.
చెత్తబుట్ట కౌన్సిల్‌ది. బస్సు రాష్ట్రానిది.
నీ పాస్‌పోర్టు కాన్‌బెర్రాది.
మరి స్టాపు మీద కప్పో?
పళ్ళసెట్టు కదిలేలా నవ్వింది.
"వాళ్ళనడిగితే వీళ్ళంటారు, వీళ్ళనడిగితే వాళ్ళంటారు.
అందుకే రాసివ్వు. రాతకి రాతే జవాబు."

కౌన్సిల్‌లో ప్రశ్నల వేళ ఉందట.
ముందురోజే రాసివ్వాలట, చదవడానికి రెండు నిమిషాలట.
నాది పదకొండు నిమిషాలొచ్చింది.
'సిగ్గు లేదా' అన్న మాట కొట్టేయడానికి
ఒక రాత్రి పట్టింది.
ఇప్పటికీ ఆ మాట కోసం నాలుక దురదపెడుతుంది.

జవాబు ఉత్తరంలో వచ్చింది.
మనసులో తెలుగు చేసుకుంటే ఇలా ఉంది:
మీ విన్నపము స్వీకరించబడినది.
తగు సమయమున పరిశీలించబడును.
బడినది, బడును.
ఎవరూ ఏమీ చెయ్యరు, అన్నీ వాటంతటవే పడతాయి,
మా స్టాపు దగ్గర వానలాగే.

చేతన్, చేన్, తోడన్, తోన్
బెత్తం చప్పుడుకి వల్లించిన తృతీయా విభక్తి
ఇన్నాళ్ళకి పనికొచ్చింది.
ఉత్తరంలో ప్రతి 'బడును' పక్కనా
ఎర్రసిరాతో రాశాను: ఎవరిచేత?
చివర్న: ఏ తారీఖులోగా?
తిరిగి పంపాను.

గ్రెక్ గారికి చూపించి పొగడ్త కోసం నిలుచున్నాను.
ఆవిడ కళ్ళజోడు తీసి,
"నలభై స్టాపులకి కప్పు లేదు. నీదే ముందెందుకు?
మా వాడి ఇంటి పన్ను పెంచడానికా?"
నాకు ఒళ్ళు మండింది.
గంట వాదించుకున్నాం, ఆవిడ సూపు చల్లారిపోయింది.
పన్నెంత, అందులో రోడ్లకెంత, పార్కు బెంచీలకెంత,
ఒక్కో అంకెనీ పట్టుకుని లాగాం, ఇద్దరికీ ఆయాసం వచ్చేదాకా.
తలుపు దాటుతుంటే వెనకనుంచి అంది:
"నువ్వు తప్పే.
కానీ ఇవాళ సరైన తలుపు ముందు నిలబడి తప్పు."

లవీనియా బిస్కెట్లు మానేసింది.
నువ్వు వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నావ్, అంటుంది.
నిజమే, ప్రధానమంత్రిని తిట్టడంలో ఉన్న సుఖం
బడ్జెట్లో తొమ్మిదో పేజీని తిట్టడంలో లేదు.

ఇవాళా వానే.
నోటుబుక్కు సంచిలో దాచి, వేళ్ళ మీద లెక్కపెట్టాను.
కర్ర చుట్టూ పదిహేడుమందిమి నిలబడ్డాం.
ఇందులోనూ 'బడు' ఉంది గానీ
కర్త కూడా ఉంది, తడిసి ముద్దయి.

బస్సు ఏడు నిమిషాలు లేటు.
అది రాష్ట్రానిది.